మైకులో చందాలు చదవడం మానేసిన సంఘం: ఒక కేస్ స్టడీ

భీమవరానికి దగ్గర్లో ఒక మండల కేంద్రం. అక్కడి యువజన సంఘం పేరు గానీ, మనుషుల పేర్లు గానీ రాయనని వాళ్లకి మాటిచ్చాను కాబట్టి రాయడం లేదు. ఆనవాలు పట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు కూడా మార్చాను. ముప్ఫై మంది దాకా కుర్రాళ్లు, నలుగురైదుగురు ఆడపిల్లలు ఉన్న సంఘం. రక్తదాన శిబిరాలు పెడతారు. కానిస్టేబుల్ ఉద్యోగాలకీ గ్రూప్స్‌కీ చదువుకునేవాళ్ల కోసం పాత పంచాయతీ గదిలో రీడింగ్ రూమ్ నడుపుతారు. సంక్రాంతికి కబడ్డీ పోటీలు, వినాయక చవితికి పందిరి ఎలాగూ ఉంటాయి. ఒకప్పుడు నెహ్రూ యువ కేంద్రంలో యూత్ క్లబ్‌గా పేరు నమోదు చేయించుకున్నారు గానీ, సొసైటీగా రిజిస్టర్ కాలేదు. డబ్బు విషయంలో వాళ్లకి ఉన్నదల్లా ఒక చందా పుస్తకం, కోశాధికారి సొంత ఫోన్‌పే నంబరు, ఒకరి మీద ఒకరికి నమ్మకం.

చిన్న సంస్థలకి జమాఖర్చులు చక్కబెట్టి, నియమావళి రాసిపెట్టడం నా పని. వీళ్లు నా దగ్గరికి వచ్చింది లెక్క తేల్చమని. వోచర్లు కొన్ని లేవన్న మాటేగానీ లెక్కలో పైసా పోలేదు. గొడవకి మూలం లెక్కలో లేదని రెండు సార్లు కూర్చోగానే తెలిసిపోయింది. డబ్బు ఎలా అడిగారు, ఎవరిని అడిగారు, ఏం చెప్పి అడిగారు అన్న దగ్గరే అంతా ఉంది. నిధుల సేకరణలో నీతి అనగానే మన సంఘాలన్నీ ఆడిట్ గురించి మాట్లాడతాయి. ఆడిట్ జరిగేది డబ్బు చేతికొచ్చాక. అంతకుముందే జరగాల్సిన అన్యాయం జరిగిపోయి ఉంటుంది. ఈ కేసు రాయడానికి కారణం అదే.

ఆగకుండా వచ్చిపడిన డబ్బు

గొడవ మొదలైంది ఒక పాప గుండె ఆపరేషన్‌తో. ఏడేళ్ల పిల్ల. సంఘం వాళ్లు ఆసుపత్రి మంచం మీద ట్యూబులతో ఉన్న పాప ఫొటో, తల్లి ఏడుస్తున్న ఫొటో, కోశాధికారి నంబరు పెట్టి వాట్సాప్‌లో మెసేజ్ వదిలారు. కింద "దయచేసి అన్ని గ్రూపుల్లో షేర్ చేయండి" అని రాశారు. వారం తిరక్కుండానే కావలసినంత వచ్చింది. ఈలోగా ఆపరేషన్ ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీలో ఆమోదం అయింది. పాప క్షేమంగా ఇంటికొచ్చింది. డబ్బు మిగిలింది.

మెసేజ్ మాత్రం ఆగలేదు. దాని మీద తేదీ లేదు, ఎంత కావాలో లేదు. హైదరాబాదులో ఎవరి గ్రూపులోనో, విశాఖలో ఇంకెవరి గ్రూపులోనో తిరుగుతూ నెలల తర్వాత కూడా యాభై, వంద, రెండొందలు పడుతూనే ఉన్నాయి. ఫైనాన్స్ కంపెనీలో చిన్న ఉద్యోగం చేసుకునే ఆ కోశాధికారికి తన జీతం ఏదో, పాప డబ్బు ఏదో విడదీసి చూసుకోవడమే ఒక పనయింది. పాప తండ్రి "మా పిల్ల పేరు మీద వచ్చింది కదండీ, మాకే ఇచ్చేయండి" అన్నాడు. కబడ్డీ చూసుకునే కుర్రాళ్లు "మిగిలిందెలాగూ సంఘం డబ్బే కదా, మ్యాట్ కొందాం" అన్నారు. ఊరి గ్రూపులో ఎవరో "ఎంతొచ్చింది, ఏమైంది?" అని అడిగారు. కోశాధికారి ఉక్రోషంతో బ్యాంకు స్టేట్‌మెంట్ మొత్తం ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేశాడు. ఎవరెవరు ఎంతిచ్చారో పేర్లతో సహా ఊరంతా చూసింది. ఇచ్చినవాళ్లలో ఒకామె ఇంట్లో చెప్పకుండా ఇచ్చింది. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను.

ఈ ఒక్క సంఘటనలో నియమావళికి కావలసిన సగం అంశాలు దొరికాయి.

మొదటిది, డబ్బు ఏ పనికని చెప్పి తీసుకున్నామో ఆ పనికే కట్టుబడి ఉంటుంది. సంఘానిదీ కాదు, పాప తండ్రిదీ కాదు. అడిగేటప్పుడే "మిగిలితే ఏం చేస్తాం" అన్నది చెప్పి ఉంటే ఈ తగువే లేదు. మేం చేసింది ఇది: మిగిలిన మొత్తాన్ని వేరే ఖాతాలోకి మార్చి, పాపకి అవసరమయ్యే మందులకీ, చెకప్‌లకీ ముందు పక్కన పెట్టాం. ఆ పైన ఉన్నది మండలంలో ఇంకో పిల్లవాడి వైద్యానికి వాడాలనుకుంటున్నామని, అభ్యంతరం ఉన్నవాళ్లు చెబితే తిరిగి పంపిస్తామని, అందుబాటులో ఉన్న దాతలందరికీ విడివిడిగా మెసేజ్ పెట్టించాం. ఒకరిద్దరు వెనక్కి అడిగారు, పంపేశారు. మిగతావాళ్లు "మీరు అడిగారు, అది చాలు" అన్నారు.

రెండోది, ఇప్పుడు ఆ సంఘం పంపే ప్రతి మెసేజ్‌లోనూ ఎంత కావాలి, ఏ తేదీ వరకు తీసుకుంటాం, ఎక్కువైతే ఏం చేస్తాం అన్నవి ఉంటాయి. చివరి తేదీ ఫొటో మీదే పెద్ద అక్షరాల్లో పడుతుంది, ఎందుకంటే ఫార్వర్డ్ చేసేవాళ్లు కింది రాతని కత్తిరించేస్తారు. వైద్యం డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే కడతారు. అసలు అడగడానికి ముందే ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుందా, ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టారా అని చూసుకోవాలి. ప్రభుత్వం ఇచ్చేదానికి జనం దగ్గర వసూలు చేయడం జనాన్ని మోసం చేయడమేనని నేను గట్టిగా వాదించాను.

మూడోది ఫొటో. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద, చట్టంతో ఘర్షణ పడిన (నేరం చేసిన, లేదా చేశారన్న ఆరోపణ ఉన్న) పిల్లలు, సంరక్షణ అవసరమైన పిల్లలు, నేరాలకు బాధితులైన పిల్లలు, సాక్షులు ఎవరో తెలిసేలా వివరాలు బయటపెట్టకూడదు. గుండె జబ్బు పాపకి ఆ సెక్షన్ నేరుగా వర్తించదు. "అయితే పెట్టొచ్చు కదా సార్, ఫొటో లేకపోతే ఎవరూ ఇవ్వరు" అన్నాడు సంఘం కార్యదర్శి. నేనొక్కటే అడిగాను: ఈ పిల్ల టెన్త్‌లోకి వచ్చాక తోటి పిల్లలు ఈ ఫొటో చూపిస్తే? ఆ గదిలో ఉన్న ఆడపిల్లలే ముందు ఒప్పుకున్నారు. ఇప్పుడు ముఖం కనిపించే ఫొటో పెట్టరు. ఆసుపత్రి అంచనా పత్రం మీద పేరు, ఫోన్ నంబరు కొట్టేసి అది పెడతారు. తల్లిదండ్రుల సంతకం ఉన్న అంగీకార పత్రం ఫైల్లో ఉంటుంది.

గడప దగ్గర

నియమావళి రాసేముందు ఒక సాయంత్రం చవితి చందాలకి వెళ్తున్న ముగ్గురు కుర్రాళ్ల వెనక నేనూ నడిచాను. మంచి పిల్లలు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ సాయంత్రం చూసింది నన్ను కలవరపెట్టింది.

ఒకింట్లో రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లే మనిషి ఉంది. అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, వేళ్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి. కుర్రాడు చందా పుస్తకం తెరిచి, ఆ వీధి పేజీ ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు.

"పక్కింటి పిన్నిగారు ఐదొందల పదహార్లు రాశారు అత్తా. ఎదురింటోళ్లు వెయ్యిన్నూట పదహార్లు. మీరెంత రాయమంటారు?"

ఆమె పుస్తకం వైపు చూసింది. "రేపు డ్వాక్రా కిస్తీ కట్టాలి బాబూ" అంది. ఎవరూ ఏమీ అనలేదు. ముగ్గురూ అలాగే నిలబడ్డారు. ఆమె లోపలికెళ్లి ఐదొందల నోటు తెచ్చి, పదహారు రూపాయలకి చిల్లర వెతుక్కుంది. కిస్తీ డబ్బులోంచే తీసిందని తర్వాత మాటల్లో తెలిసింది.

ఆ పుస్తకం అలా తిప్పి చూపించడం ఎవరు నేర్పారు అని అడిగితే, "మొదట్నుంచీ అంతే కదండీ" అన్నారు. నిజమే, మన ఊళ్లన్నిటా అంతే. పందిట్లో మైకు పెట్టి "ఫలానా వారు వెయ్యిన్నూట పదహార్లు, ఫలానా వారు నూటపదహార్లు" అని చదవడం కూడా మొదట్నుంచీ ఉన్నదే. దాన్ని మనం పారదర్శకత అనుకుంటాం. నూటపదహార్లు ఇచ్చిన ఇంటి పిల్లవాడు ఆ పందిట్లోనే కూర్చుని వింటుంటాడు. మరుసటి ఏడు ఆ ఇల్లు అప్పు చేసైనా ఐదొందలు ఇస్తుంది. లేదా చందా కుర్రాళ్లు వస్తున్నారని తెలిసి తలుపు వేసుకుంటుంది.

బజారులో ఒక కిరాణా కొట్టాయన ఇంకా సూటిగా చెప్పాడు: "ఇవ్వకపోతే రేపు నా కొట్టు ముందే బళ్లు అడ్డం పెడతారండి. భక్తి ఉండి ఇస్తున్నాననుకున్నారా?" ఈ మాట సంఘం సమావేశంలో చెప్పినప్పుడు కుర్రాళ్లు నొచ్చుకున్నారు. తామెప్పుడూ అలా చేయలేదన్నారు. చేయలేదు కూడా. కానీ అంతకుముందు తరం చేసింది, ఆ భయం ఇప్పటికీ పోలేదు. భయంతో వచ్చిన చందా చందా కిందకి రాదని, దాన్ని వెనక్కి ఇచ్చే మార్గం కూడా ఉండాలని అక్కడే రాసుకున్నాం.

చాలాసేపు వాదించుకుని మార్చినవి ఇవి. చందా పుస్తకం మానేసి ఒక్కొక్కరికీ విడి రసీదు ఇస్తారు, కాబట్టి పక్కవాళ్లు ఎంతిచ్చారో కనిపించదు. మొదటిసారి వెళ్లినప్పుడు డబ్బు తీసుకోరు. ఒక కాగితం ఇచ్చి, "మీకు వీలైతేనే, ఇప్పుడే చెప్పక్కర్లేదు" అని వచ్చేస్తారు. ఇవ్వదలచుకున్నవాళ్లు రీడింగ్ రూమ్ దగ్గరికొచ్చి ఇస్తారు, లేదా ఫోన్ చేసి పిలుస్తారు. రోజు కూలీ మీద బతికే ఇళ్లకి, అప్పటికే ఏదైనా సాయం అందుకున్న కుటుంబాలకి చందా కోసం వెళ్లరు. ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు పిల్లల చేతుల్లోంచి డబ్బు తీసుకోరు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లని వసూలుకి పంపరు. రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి లారీలు ఆపడం పూర్తిగా బంద్. దీని మీద మాత్రం ఎవరూ వాదించలేదు. చుట్టుపక్కల ఊళ్లలో జరిగిన ప్రమాదాల సంగతి అందరికీ తెలుసు.

మైకు విషయం మీద పెద్దలు అడ్డుపడ్డారు. "పేర్లు చదవకపోతే డబ్బు తినేశారంటారు" అని ఒకాయన అన్నాడు. ఆ అనుమానం కొట్టిపారేయదగింది కాదు. చివరికి కుదిరిన మధ్యేమార్గం రసీదు నంబరు. పందిట్లో అంటించే పట్టికలో పేర్లుండవు. రసీదు నంబరు, ఎంత అన్నవే ఉంటాయి. ఎవరి రసీదు వాళ్లు పట్టుకొచ్చి తమ డబ్బు జమ అయిందో లేదో చూసుకోవచ్చు. పక్కింటివాళ్లది చూడలేరు. మైకులో మొత్తం వసూలు, మొత్తం ఖర్చు చదువుతారు.

రసీదు బుక్కు, బ్యాంకు ఖాతా

ఇక్కడ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, కానీ చేయాల్సిందే. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు కావచ్చు. అయ్యాక సంఘం పేరున పాన్, సంఘం పేరున బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకంతో లావాదేవీలు, ఖాతాకే ముడిపడిన క్యూఆర్ కోడ్. వ్యక్తి ఖాతాలో జనం డబ్బు వేయించడం ఆ వ్యక్తికే ప్రమాదం అని కుర్రాళ్లకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సైబర్ మోసంలో కొట్టేసిన సొమ్ములోంచి ఎవడో వంద రూపాయలు పంపినా ఆ ఖాతా స్తంభించిపోవచ్చు. అప్పుడు అతని జీతం కూడా అందులోనే ఇరుక్కుంటుంది.

రసీదు బుక్కు ప్రెస్సులో నంబర్లతో కొట్టించారు. ప్రతి బుక్కూ ఎవరికిచ్చారో రిజిస్టర్లో సంతకం. రసీదులో "దేని కోసం" అన్న గీత ఖాళీగా వదలకూడదు. పొరపాటున చించితే ఆ కాగితాన్ని కౌంటర్‌ఫాయిల్‌కి పిన్ను కొట్టి "రద్దు" అని రాయాలి. వాడని బుక్కులు వసూలు ముగిసిన రోజే వెనక్కి. నగదు ఇద్దరి ఎదుట లెక్కపెట్టి మర్నాడు బ్యాంకులో జమ.

చవితి డబ్బు, సేవా కార్యక్రమాల డబ్బు రెండు వేర్వేరు పుస్తకాలుగా విడదీయించాను. భక్తితో ఇచ్చినవాళ్ల డబ్బు పందిరికే పోవాలి, చదువుకని ఇచ్చినవాళ్లది చదువుకే పోవాలి, అది మొదటి కారణం. రెండోది పన్ను మినహాయింపు. 80జి, అంటే దాతకి పన్ను మినహాయింపు వచ్చేలా సంస్థకి ఇచ్చే అనుమతి, ఉన్న సంస్థ తన ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన ఖర్చు చేయకూడదు. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా ఊళ్లో అందరూ దాన్ని 80జి అనే అంటారు. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే దాతకి మినహాయింపు రాదు. వీళ్లకి ఆ అనుమతి ఇంకా రాలేదు. అయినా ఒక సభ్యుడు ఉత్సాహంగా ఫ్లెక్సీ మీద "పన్ను మినహాయింపు కలదు" అని కొట్టించబోతే ఆపాం. లేని అనుమతి ఉందని చెప్పి అడగడం అబద్ధం చెప్పి అడగడమే.

ఎవరి డబ్బు వద్దనాలి

ఊరివాళ్లు అమెరికాలోనూ ఉన్నారు, కువైట్‌లోనూ ఉన్నారు. కుర్రాళ్ల లెక్కలో ఇద్దరూ "ఫారిన్‌లో ఉన్న మనోళ్లే". చట్టం లెక్కలో కాదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చూసేది పౌరసత్వాన్ని. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే మనిషి దగ్గర భారత పాస్‌పోర్టే ఉంటుంది. తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. డాలస్‌లో స్థిరపడి అమెరికా పౌరసత్వం తీసుకున్న డాక్టరుగారు, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ వనరు. ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఆయన దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. "మా తమ్ముడి ఖాతాకి వేస్తాను, వాడు మీకిస్తాడు" అని ఆ డాక్టరుగారు మంచి మనసుతోనే అన్నారు. వద్దని చెప్పించాం. ఇండియా వచ్చినప్పుడు రీడింగ్ రూమ్‌లో పిల్లలతో ఒక పూట కూర్చోమన్నాం. కూర్చున్నారు.

ఇంకో దాత సంగతి కష్టమైంది. ఊళ్లో పెద్ద రొయ్యల రైతు ఒకాయన రీడింగ్ రూమ్‌కి కంప్యూటర్లు, ఏసీ ఇస్తానన్నాడు. ఆయన చెరువుల ఉప్పునీరు పంట కాల్వలోకి వదులుతున్నారని ఇదే సంఘం అంతకుముందు కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి అర్జీ ఇచ్చి ఉంది. "అర్జీ అర్జీయే, కంప్యూటర్లు కంప్యూటర్లే" అన్నారు సగం మంది. చదువుకునే పిల్లల ముఖం చూస్తే ఆ మాట తోసేయడం తేలిక కాదు. కానీ డబ్బు తీసుకున్నాక అర్జీ గురించి మళ్లీ అడగడానికి నోరు రాదు. తాగునీటికి ఇబ్బందిపడే కింది వీధివాళ్లకి సంఘం జవాబు చెప్పుకోవాలి. సంఘం ఎవరి మీదైనా ఫిర్యాదు చేసి ఉంటే, అది తేలేదాకా వాళ్ల దగ్గర విరాళం తీసుకోకూడదని రాశారు. రాజకీయ నాయకుల డబ్బు గురించి నియమం చిన్నదే: ఫ్లెక్సీ మీద ఫొటో, కండువా రంగు అడిగితే వద్దు. ఎన్నికల షెడ్యూలు వచ్చినప్పటి నుంచి ఫలితాల దాకా ఏ పార్టీ మనిషి దగ్గరా ఏమీ వద్దు.

వదులుకోవడానికి ఇష్టపడనివి

లక్కీ డ్రా మీద కుర్రాళ్లకి ఆశ ఎక్కువ. వంద రూపాయల కూపను, మొదటి బహుమతి బైకు. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరమని చెప్పగానే ఆ ప్రస్తావన ఆగింది. చట్టం లేకపోయినా వద్దనే అనేవాణ్ణి. కూపన్లు ఎక్కువ కొనేది కూలి పనికి వెళ్లేవాళ్లే.

వసూలు చేసినవాళ్లకి పది శాతం ఇద్దామని ఇంకో ప్రతిపాదన, పెట్రోలు ఖర్చుల పేరుతో. అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ అనే వృత్తి సంఘం 1964 నుంచీ నడుపుతున్న నీతి నియమావళి, వచ్చిన విరాళంలో శాతం కమీషనుగా తీసుకోవడాన్ని ఒప్పుకోదు. అడిగేవాడికి వాటా ఉంటే గడప దగ్గర "వీలైతేనే" అన్న మాట నోట్లోంచి రాదు. పెట్రోలుకి బిల్లు చూపిస్తే అసలు ఖర్చు ఇస్తారు, అంతే.

లడ్డూ వేలం మానిపించే ప్రయత్నం నేను చేయలేదు. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం 2024 నాటికి 30 లక్షల 1 వేయికి చేరాక, ప్రతి ఊరూ తన అంకె ఏంటో చూసుకుంటోంది. చిన్న ఊళ్లలో చిక్కేమిటంటే, డప్పుల హోరులో పాడేసినవాడు ఏడాది తిరిగినా కట్టలేడు, ఆ బాకీ లెక్కల్లో ఆస్తిగా కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడ ఒక ఆటో డ్రైవరు పాట ఇలాగే పెండింగ్‌లో ఉండేది. ఇప్పుడు వేలం పాట రాత్రి ముగిసినా మర్నాడు పది గంటలకి, మైకు లేకుండా, పాడినాయన వచ్చి ఖాయం చేస్తేనే చెల్లుతుంది. వెనక్కి తగ్గితే రెండో పాటకి వెళ్తారు, పేరు ఎక్కడా చెప్పరు. ఆటో డ్రైవరు బాకీని తీర్మానం చేసి కొట్టేశారు.

ఆ తర్వాత

మొదటి ఏడు చవితి వసూలు బాగా తగ్గింది. పందిరి చిన్నదైంది, డీజే లేదు. కొందరు కుర్రాళ్లు విడిపోయి బస్టాండు దగ్గర వేరే పందిరి పెట్టారు, చందా పుస్తకం, మైకు పాత పద్ధతిలోనే. నియమాలు పెట్టుకుంటే డబ్బు పెరుగుతుందని చెప్పి ఏ సంఘాన్నీ ఒప్పించకండి అని ఈ పని చేసే మిత్రులకి నా మనవి. అలా జరగకపోతే ఆ నియమాలు ఆ ఏడాదే అటకెక్కుతాయి. ఇక్కడ నిలబడింది రీడింగ్ రూమ్ పద్దు. నెలనెలా కొద్దికొద్దిగా ఇచ్చేవాళ్లు పెరిగారు. వాళ్లలో టీచర్లు, కువైట్‌లో ఉన్నవాళ్లు, ఆ రూమ్‌లోనే చదివి ఉద్యోగం తెచ్చుకున్న ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు. కిరాణా కొట్టాయన ఆ ఏడు చవితికి ఏమీ ఇవ్వలేదు. ఆయన కొట్టు ముందు ఎవరూ బళ్లు పెట్టలేదు.

తేలని విషయం ఒకటుంది. ఊరి రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన రీడింగ్ రూమ్‌కి బల్లలు, కుర్చీలు, బీరువాలు ఇస్తానని, తన తండ్రి పేరుతో గోడకి చిన్న రాతి పలక పెట్టమని అడిగారు. పేర్లూ మొత్తాలూ బయటపెట్టం అన్న నియమం దీనికీ వర్తిస్తుందా అని సంఘం రెండుగా చీలింది. తండ్రి పేరు, తేదీ ఉండి, మొత్తం లేకుండా పెట్టొచ్చన్నది నా అభిప్రాయం. అక్కడ పక్కవాళ్లని పోల్చి అడగడం లేదు, చనిపోయిన మనిషిని తలుచుకోవడమే ఉంది. అమ్మాయిల్లో ఒకరు ఒప్పుకోలేదు: "ఈ గోడ మీద ఒక పలక పెడితే రేపు రెండో పలకకి ఎంత ఇవ్వాలని అడుగుతారండి." ఆ ప్రశ్నని వచ్చే జనరల్ బాడీ అజెండాలో మొదటి అంశంగా రాశారు. బల్లలు అప్పటిదాకా ఆయన ఇంట్లోనే ఉంటాయి.